చెప్పులు తొడుక్కుని తాకే ఫ్రిజ్

ఆ ఇల్లు విజయవాడలో ఉండవచ్చు, వరంగల్లులో ఉండవచ్చు. బళ్ళారిలోనో భిలాయిలోనో స్థిరపడిన తెలుగువారిదీ కావచ్చు. వంటింటి మూలన ఒక ఫ్రిజ్, దాని ముందు ఒక జత రబ్బరు చెప్పులు. ఆ చెప్పులు ఇంట్లో ఎవరివీ కావు, ఫ్రిజ్‌వి. తలుపు తెరవబోయేవారు ఎవరైనా సరే, ముందు వాటిలో కాళ్ళు దూర్చాలి. బడి నుంచి వచ్చిన మనుమడు మంచినీళ్ళ సీసా కోసం పరుగెత్తితే, "చెప్పులురా, చెప్పులు!" అని నాయనమ్మ పక్క గదిలో నుంచే హెచ్చరిస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడు ఇంటి కోడలు నవ్వుతూ చెబుతుంది: "కొంచెం జిల్లుమంటుంది లెండి. మాకు అలవాటైపోయింది."

ఫ్రిజ్ చక్కగా పనిచేస్తున్నది. పాలు విరగడం లేదు, పెరుగు పులవడం లేదు. పనిచేస్తున్న యంత్రానికి వైద్యం ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ ఎలక్ట్రీషియన్‌ను పిలవలేదు. పిలవాలన్న ఆలోచన వచ్చిన రోజున కూడా, "దానికేం, చెప్పులున్నాయిగా" అన్న సమాధానం సిద్ధంగా ఉన్నది. ఇటువంటి ఇళ్ళు మన దేశంలో కోకొల్లలు. కొన్ని ఇళ్ళలో చెప్పులకు బదులు గోనెపట్టా ఉంటుంది, కొన్ని ఇళ్ళలో చెక్కపీట. బట్టలుతికే యంత్రాన్ని తడి చేతులతో తాకకూడదన్న నియమం ఇంకొన్ని ఇళ్ళలో మడి ఆచారమంత కట్టుదిట్టంగా అమలవుతుంది.

చిత్రమేమిటంటే, ఆ జిల్లుమనడం యంత్రానికి వచ్చిన జబ్బు కాకపోవచ్చు. ఈనాటి బట్టలుతికే యంత్రాలలోను, కొత్తరకం ఫ్రిజ్‌లలోను, కంప్యూటర్లలోను కొన్ని చిన్న విడిభాగాలు ఉంటాయి. అవి అతి స్వల్పమైన విద్యుత్తును యంత్రం పైతొడుగు మీదుగా భూమిలోకి పంపుతూనే ఉంటాయి. ఆ కొద్దిపాటి కారుడు తయారీలోనే అనుకున్నది. అది సాఫీగా ఎర్తు తీగ వెంట భూమికి చేరిపోతే తాకినవారికి ఏమీ తెలియదు. ఎర్తు తీగ తెగిపోయినా, అసలు లేకపోయినా, దానికి వేరే దారి ఉండదు. తాకిన మనిషే దారి అవుతాడు. అంటే జిల్లుమన్న ప్రతిసారీ ఆ ఇల్లు ఒక కబురు చెబుతున్నది: ఇక్కడ ఎర్తు లేదు. నేడు జిల్లుమన్న ఆ తొడుగు మీదికే, లోపలి తీగ తొడుగు చిట్లిన రోజున 230 వోల్టులూ వచ్చి కూర్చుంటాయి. ఆ రోజున పిల్లవాడు చెప్పులు మరచిపోకూడదు. చెప్పులు తడిసి ఉండకూడదు. ఒక చెయ్యి ఫ్రిజ్ మీద ఉండగా రెండవ చెయ్యి పంపు మీద పడకూడదు. ఇన్ని "కూడదు"ల మీద ఆ ఇంటి క్షేమం నిలిచి ఉన్నది.

జాతీయ నేర గణాంకాల బ్యూరో ప్రచురించే ప్రమాద మరణాల నివేదికలలో విద్యుదాఘాతానికి వేరే పద్దు ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో ఆ పద్దు కింద ఏటా పది వేలకు పైగా మరణాలు నమోదవుతున్నాయి. పొలాలలో మోటార్ల దగ్గర పోయినవారు, తెగిపడిన తీగలు తొక్కినవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. అయినా స్నానాల గదిలో నీళ్ళు కాచుకుంటూ పోయినవారు, పెరట్లో బట్టలు ఆరవేస్తూ పోయినవారు తక్కువేమీ కాదని రోజూ వార్తాపత్రిక జిల్లా పేజీ చదివేవారికి తెలుసు.

మనిషిని చంపడానికి ఎంత విద్యుత్తు కావాలి? ఈ ప్రశ్నను జీవితకాలం వెంటాడిన శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ డాల్జీల్. అమెరికాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగు ఆచార్యుడాయన. చేతిలో పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదిలించుకోగల హద్దు ఎంత అన్నది ఆయన పరిశోధన. ఇందుకోసం 134 మంది పురుషులు, 28 మంది స్త్రీలు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి తీగ పట్టుకున్నారు. వారి సాహసానికి జోహార్లు చెప్పవలసిందే. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టు వదలడం లేదని తేలింది. "కరెంటు పట్టేసుకుంది" అని మనవాళ్ళు అనేది ఈ స్థితినే. నిజానికి కరెంటు పట్టుకోదు. మనిషి వేళ్ళే వదలవు. ఇంకొంచెం పెరిగి ఆ ప్రవాహం గుండె మీదుగా సాగితే, గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుంటుంది. రక్తాన్ని తోడడం మానేస్తుంది.

పడకగదిలోని 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. చర్మం తడిసి ఉన్నప్పుడు మానవ దేహం నిరోధం ఇంచుమించు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర దేహం గుండా సాగేది 230 మిల్లీ ఆంపియర్లు. అంటే అటువంటి బల్బులు ఐదారు తీసుకునేంత. ప్రాణం తీయడానికి అంతకంటె చాలా తక్కువ చాలు.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక పెద్ద అపోహ రాజ్యమేలుతున్నది. "మా ఇంట్లో ఎం.సి.బి.లు ఉన్నాయి, మాకేం భయం లేదు" అంటారు చదువుకున్నవారు సైతం. పూర్వపు పింగాణీ ఫ్యూజు స్థానంలో వచ్చిన ఎం.సి.బి. తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. తీగ మోయగలిగిన దానికంటె ఎక్కువ భారం పడినప్పుడు, లేదా రెండు తీగలు కలిసిపోయినప్పుడు అది పడిపోతుంది. తీగ వేడెక్కి ఇల్లు అంటుకోకుండా ఆపుతుంది. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 16,000 మిల్లీ ఆంపియర్ల వరకు కదలదు. మనిషి ప్రాణం అందులో రెండు మూడు వందల వంతులో ఒక వంతు దగ్గరే ప్రమాదంలో పడుతుంది. మనిషి తీగ పట్టుకుని కొట్టుకుంటున్నంతసేపూ ఎం.సి.బి.కి అది ఒక చిన్న దీపం వెలిగినట్లే కనిపిస్తుంది.

ఎర్తు ఉంటే చాలా? అదీ చాలదు. పెరట్లో గొయ్యి తీసి, ఇనుప గొట్టం దించి, బొగ్గు, ఉప్పు నింపి చేసిన ఎర్తుకు వేసవిలో నేల ఎండిపోయినప్పుడు 20 ఓముల నిరోధం ఉన్నదనుకుందాం. ఆ భూమి మీదుగానే తిరిగి చేరవలసిన ప్రవాహం 230ని 20తో భాగించగా 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి పడదు. యంత్రం పైతొడుగు మీద విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది, మీటరు తిరుగుతూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. పూర్వులు ఎర్తు గొయ్యిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయించేవారు. ఆ అలవాటు వెనుక ఉన్న శాస్త్రం ఇదే. ఇప్పుడు ఆ గొయ్యి మీద టైల్సు పరిచి, దాని మీద కారు నిలుపుతున్నారు.

ఈ లోటు పూడ్చేది మరొక సాధనం. దానిని ఆర్.సి.సి.బి. అంటారు, పాతవారు ఇ.ఎల్.సి.బి. అనేవారు, ఆ మాట ఇంకా దుకాణాలలో వినిపిస్తుంది. చూడటానికి ఎం.సి.బి. వంటిదే, కాస్త లావు, ముఖం మీద "టి" అని రాసిన చిన్న మీట ఉంటుంది. రైసు మిల్లు వాకిట్లో లోపలికి పోయిన బస్తాలు, బయటికి వచ్చిన బస్తాలు లెక్క చూసే గుమాస్తా వంటిది ఇది. ఫేజు తీగలో వెళ్ళిన విద్యుత్తు, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా ఉన్నంతకాలం మాట్లాడదు. లెక్కలో 30 మిల్లీ ఆంపియర్లు తగ్గితే, ఆ తగ్గినది ఎక్కడో తడిగోడ గుండానో, మనిషి గుండానో భూమిలోకి పోతున్నదని గ్రహించి, 0.3 సెకను లోపల ఇంటి సరఫరా తెంపివేస్తుంది. అమెరికాలో ఇటువంటి సాధనాన్ని 1961లో రూపొందించినవాడు కూడా ఆ డాల్జీలే.

ఎర్తు, ఆర్.సి.సి.బి. రెండూ ఉండాలనడానికి కారణం ఉన్నది. ఎర్తు లేని ఇంట్లో కూడా ఆర్.సి.సి.బి. పనిచేస్తుంది గాని, మనిషి తాకి షాకు తిన్న తరువాతనే పనిచేస్తుంది. ఎర్తు ఉన్న ఇంట్లో ఎవరూ తాకకముందే, లోపం పుట్టిన క్షణాననే పడిపోతుంది. ఒక చేత్తో ఫేజును, రెండవ చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాణ్ణి మాత్రం అది కాపాడలేదు. దాని లెక్కకు అతడు ఒక బల్బుతో సమానం.

ఇంత మేలైన గుమాస్తాకు మన ఇళ్ళలో దక్కే మర్యాద ఏమిటో చూడండి. ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట్లో వానాకాలంలో ఆర్.సి.సి.బి. మాటిమాటికీ పడిపోతున్నది. టి.వి.లో వార్తలు మధ్యలో ఆగిపోతున్నాయి. కరెంటు పనిచేసే కుర్రవాడు వచ్చాడు. అరగంటలో పని ముగించాడు.

"మాస్టారూ, ఆ పెట్టె ఊరికే పడిపోతోందండీ. తప్పించి డైరెక్టు ఇచ్చేశాను. ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

"అంతేనా నాయనా! వారం రోజుల నుంచి చంపుకు తింటున్నది. నీ చెయ్యి మంచిది."

ఆ చెయ్యి మంచిదో కాదో గాని, ఇంటికి కావలివాణ్ణి ఉద్యోగం నుంచి తీసివేసిన చెయ్యి అది. పడిపోవడం ఆ సాధనం చెప్పే మాట. తడిసిన గోడ, చెమ్మ పట్టిన గీజరు, పెరటి దీపంలో చేరిన వాననీరు, ఇన్వర్టరు బిగించినప్పుడు ఒక గది న్యూట్రల్‌ను మరొక గది న్యూట్రల్‌తో కలిపివేసిన తొందరపాటు: ఇలా ఏదో ఒక కారణం ఉంటుంది. దానిని వెతకడానికి ఒక్కొక్క గదినీ విడదీసి పరీక్షించాలి; ఒక పూట పడుతుంది. తప్పించడానికి అరగంట చాలు. ఇంటివారు కూలి ఇచ్చేది అరగంటకే అయినప్పుడు, ఆ కుర్రవాణ్ణి ఒక్కణ్ణే నిందించడం న్యాయం కాదు.

ఇంతకంటె ప్రమాదకరమైన చిట్కా ఒకటి ఉన్నది. ఇంట్లో ఎర్తు లేదు, కొత్త యంత్రం అమర్చడానికి వచ్చినవాడు ఎర్తు ఉంటేనే బిగిస్తానన్నాడు. అప్పుడు ప్లగ్గు సాకెట్టు లోపల న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు ఒక చిన్న తీగముక్క వేస్తారు. మీటరు పెట్టి చూస్తే ఎర్తు ఉన్నట్లే కనిపిస్తుంది. అందరూ సంతోషిస్తారు. ఎప్పుడో ఒకనాడు స్తంభం దగ్గరనో, మీటరు దగ్గరనో న్యూట్రల్ ఊడిపోతుంది. మన ఊళ్ళలో గాలివాన వస్తే అది ఊడటం వింత కాదు. ఆ క్షణాన, ఆన్‌లో ఉన్న బల్బుల మీదుగా, ఫ్యానుల మీదుగా తిరిగి వచ్చిన విద్యుత్తు ఆ చిన్న తీగముక్క వెంట నడిచి ఫ్రిజ్ ఒళ్ళంతా పాకుతుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేకుండానే ఫ్రిజ్ ప్రాణాంతకమవుతుంది. కాపాడవలసిన మూడవ పిన్నే ఇక్కడ హంతకుడు.

ఆ మూడవ పిన్ను కథ కూడా కొంత చెప్పుకోదగినది. మనం వాడే గుండ్రటి పిన్నుల ప్లగ్గులు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం వారసత్వం. బ్రిటన్ 1947లో చదరపు పిన్నుల పద్ధతి ప్రవేశపెట్టి క్రమంగా వాటికి మారిపోయింది. మనం మాత్రం గుండ్రటివాటినే ఉంచుకున్నాము. మూడింటిలో పైన ఉండే ఎర్తు పిన్ను లావుగా, పొడుగ్గా ఉంటుంది. ప్లగ్గు గుచ్చేటప్పుడు అన్నిటికంటె ముందు అది తగలాలని, తీసేటప్పుడు అన్నిటికంటె చివర వదలాలని అలా చేశారు. అంత ముందుచూపుతో చేసిన పిన్నును కటింగు ప్లేయరుతో కత్తిరించి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చే నేర్పు మనవారిది.

పాత ఇళ్ళ సంగతి వేరే చెప్పాలి. గోడల మీద టేకు పట్టీలు పరిచి, వాటి మీద రబ్బరు తొడుగు తీగలు లాగి, నల్లటి బేకలైటు స్విచ్చిలు బిగించిన ఇళ్ళు తెలుగు పట్టణాల పాత పేటలలో ఇంకా ఉన్నాయి. ఆ పనితనం చూడముచ్చటగా ఉంటుంది. వంకర లేకుండా, గూటం దెబ్బ కనిపించకుండా కొట్టిన మేకులు ఇప్పటి గొట్టాల వైరింగులో కనిపించవు. అయితే ఆ మేస్త్రీలు తీగలు వేసింది నాలుగు బల్బులకు, రెండు పంకాలకు, ఒక రేడియోకు. వయసుతో రబ్బరు బిస్కత్తులా పెళుసెక్కుతుంది; ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఆ తీగ మీదనే నేడు 2000 వాట్ల గీజరు పెడితే 8.7 ఆంపియర్లు, 1500 వాట్ల నీళ్ళ రాడ్డు పెడితే 6.5 ఆంపియర్లు తీసుకుంటాయి. దీపాల కోసం ఉద్దేశించిన 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు రాడ్డు ఒక్కటే ఎక్కువ. ఆ భారానికి ఎం.సి.బి. పడిపోతుంటే దానిని తీసి పెద్దది వేయించడం మరొక ఘనకార్యం. పూర్వం ఫ్యూజులో సన్నటి తీగకు బదులు వైరు పోగులు మెలిపెట్టి కట్టినవారి మనుమలే నేడు 16 తీసి 32 వేయిస్తున్నారు. సాధారణంగా దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పవర్ సాకెట్లకు 2.5, గీజరుకూ ఏ.సి.కీ 4 వేస్తారు. ఎం.సి.బి. పరిమాణాన్ని నిర్ణయించవలసింది గోడలోని తీగే గాని ఇంటివారి విసుగు కాదు.

తీగల రంగులలో కూడా చిక్కు ఉన్నది. మన దేశంలో ఇంటి వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. యంత్రంతోపాటు వచ్చే తాడు తీగలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు. మూడు ఫేజుల సరఫరా ఉన్న ఇంట్లో అదే నీలం ఒక ఫేజుకు గుర్తు. ఇక పని మధ్యలో ఎర్ర తీగ అయిపోతే, మిగిలిన నల్లదానితో సరిపెట్టిన ఇళ్ళు ఎన్నో! స్విచ్చి ఎప్పుడూ ఫేజు మీదనే ఉండాలి. న్యూట్రల్ మీద ఉన్నా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది; ఆరిన తరువాత కూడా హోల్డరులో ఫేజు కాచుకుని ఉంటుంది. కుర్చీ ఎక్కి బల్బు మార్చేవాడికి ఈ సంగతి తెలియదు.

మరి ఎవరిని పిలవాలి? ఈ విషయంలో చట్టం చాలాకాలం క్రితమే స్పష్టంగా చెప్పింది. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలోనే ఈ నిబంధన ఉన్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనలు దానిని నిలబెట్టాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. సారాంశం ఒక్కటే. బల్బులు, పంకాలు, ఫ్యూజులు, స్విచ్చిల వంటివి ఉన్నవాటి స్థానంలో అటువంటివే మార్చుకోవడం మినహా, ఇంటి వైరింగులో కొత్తది చేర్చినా, ఉన్నది మార్చినా, మరమ్మతు చేసినా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. పర్యవేక్షించేవారికి యోగ్యతా పత్రం, చేతితో పనిచేసేవారికి పర్మిట్ ఉండాలి. ఇళ్ళకు ఆర్.సి.సి.బి. వంటి రక్షణ సాధనం 30 మిల్లీ ఆంపియర్లకు మించనిదై ఉండాలన్న మాట కూడా ఆ 2010 నిబంధనలలోనే ఉన్నది.

వీధిలో వాస్తవం ఇందుకు చాలా దూరం. ఇంటి పని చేస్తున్నవారిలో ఎక్కువమంది మరొకరి వెంట సంచి మోసి నేర్చుకున్నవారు. వారిలో గొప్ప పనివారు లేకపోలేదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు, వైర్‌మన్ కోర్సు రెండేళ్ళ చదువులు; ఆ చదువు ముగించి, పర్మిట్ తీసుకున్నవారు ప్రతి పట్టణంలో ఉన్నారు. అయినా మనం పెళ్ళి సంబంధానికి పది మందిని వాకబు చేస్తాము గాని, ఇంటి తీగలన్నీ అప్పగించే మనిషిని గురించి ఒక్క ప్రశ్నా వేయము. పర్మిట్ చూపమని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఉన్నవారు గర్వంగా చూపిస్తారు. స్తంభం ఎక్కే లైన్‌మన్‌ను బతిమాలి ఇంటి పని చేయించుకోవడం మన ఊళ్ళలో ఆనవాయితీ. అతని ఉద్యోగం మీటరు వరకు సరఫరా చూడటం. ఇంటి లోపలి వైరింగు వేరే విద్య.

పర్మిట్ కంటె కూడా మనిషిని పట్టి ఇచ్చేది అతని సంచి. టెస్టరు, కటింగు ప్లేయరు, నల్ల టేపు మాత్రమే తెచ్చినవాడు కొత్త బల్బు పెట్టగలడేమో గాని ఇంటిని పరీక్షించలేడు. టెస్టరులోని చిన్న దీపం పట్టపగలు వెలిగినా కనిపించకపోవచ్చు. న్యూట్రల్ తెగినప్పుడు సాకెట్టు రెండు రంధ్రాలలోనూ వెలిగి తికమక పెట్టవచ్చు. కొందరు మేస్త్రీలు 100 వాట్ల బల్బును ఫేజుకూ ఎర్తుకూ మధ్య కలిపి, వెలిగితే ఎర్తు బాగున్నదంటారు. ఆ బల్బు నిరోధమే 529 ఓములు. ఎర్తు 50 ఓములున్నా అది కంటికి బాగానే వెలుగుతుంది. ఎర్తు ఎంత ఉన్నదో చెప్పడానికి కొలిచే పరికరం కావాలి. తీగల తొడుగు ఎంత గట్టిగా ఉన్నదో చూడటానికి మెగ్గర్ కావాలి. 1903లో ఇంగ్లండులో ఒక కంపెనీ నమోదు చేసుకున్న వ్యాపార నామం అది. నేడు ఆ పని చేసే పరికరాలన్నిటికీ ఆ పేరే స్థిరపడిపోయింది. 500 వోల్టులతో పరీక్షించినప్పుడు ఇంటి తీగల తొడుగు నిరోధం ఒక మెగా ఓముకు తగ్గకూడదు. ఈ రెండు కొలతలూ కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇమ్మని అడిగితే ఇచ్చేవాడు దొరికాడంటే, ఆ మనిషిని వదులుకోకూడదు. అతను అడిగిన కూలి దగ్గర బేరం ఆడకూడదు.

పని ఒప్పుకునే ముందు జరిగే మాటలలోనే చాలా తెలుస్తుంది. ఇంట్లో ఏమేమి యంత్రాలున్నాయి, ఇన్వర్టరు ఉన్నదా, మేడ మీద సోలార్ పలకలున్నాయా అని తానే అడిగేవాడు పని తెలిసినవాడు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ స్విచ్చి కట్టినంత మాత్రాన తీగలు చల్లబడవని అతనికి తెలుసు. "మెయిన్ కట్టనక్కరలేదు లెండి, మాకు అలవాటే" అనేవాణ్ణి మంచినీళ్ళిచ్చి పంపించివేయడం మంచిది. ఆ అలవాటు వల్ల మొదట పోయేది అతనే.

ఎలక్ట్రీషియన్ రాక కోసం ఆగనక్కరలేని పనులు కూడా ఉన్నాయి. పెరట్లో బట్టలు ఆరవేయడానికి ఇనుప తీగ కట్టి, ఒక కొసను కరెంటు తీగ దిగే ఇనుప గొట్టానికి ముడివేయడం మన ఇళ్ళలో సర్వసాధారణం. పైనున్న సర్వీసు తీగ తొడుగు ఒరిసి ఆ గొట్టానికి తగిలితే, తడిబట్ట దులిపి వేసే చెయ్యి దాని మీద పడుతుంది. కాపాడబోయినవారు కూడా ఆ తీగకే అంటుకుపోయి, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వానాకాలంలో వస్తాయి. ఆ ఇనుప తీగ విప్పి నైలాన్ తాడు కట్టడానికి ఏ పర్మిటూ అక్కరలేదు. నీళ్ళ రాడ్డు బకెట్టులో ఉండగా నీళ్ళు కాగాయో లేదో వేలు ముంచి చూసే అలవాటు కూడా అటువంటిదే. ప్లగ్గు తీసిన తరువాతనే నీటిని తాకాలి. స్విచ్చి కట్టితే చాలదు, ఆ స్విచ్చి ఏ తీగ మీద ఉన్నదో ఎవరు చూశారు?

ఎవరికైనా షాకు తగిలితే ముందు మెయిన్ స్విచ్చి. మనిషిని ముట్టుకోవడం ఆ తరువాత. మెయిన్ అందుబాటులో లేకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తీగను తప్పించాలి. 108కి ఫోను చేయించాలి. ఊపిరి ఆడకపోతే, స్పృహ లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులూ ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున, అంబులెన్సు వచ్చేవరకు అదుముతూ ఉండాలి. తేరుకుని లేచి కూర్చున్నవారిని కూడా ఆసుపత్రిలో చూపించాలి. గుండె లయ తరువాత తప్పవచ్చు.

మళ్ళీ ఆ ఫ్రిజ్ ఇంటికి వద్దాం. అక్కడికి చివరకు ఒక నడివయసు వైర్‌మన్ వచ్చాడనుకుందాం. వచ్చీ రాగానే అతను చెప్పుల వంక చూశాడు, ఏమీ అనలేదు. మెయిన్ కట్టి, ఇన్వర్టరు కూడా ఆపించి, ఫ్రిజ్ వెనుక సాకెట్టు పలక విప్పాడు. ఆకుపచ్చ తీగ గోడలో నుంచి వచ్చి, బెత్తెడు దూరంలో కత్తిరించి, నల్ల టేపు చుట్టి ఉన్నది. వంటింటికి టైల్సు వేయించిన ఏడాది ఎవరో సాకెట్టు జరిపి, తీగ చాలక ఎర్తును వదిలివేశారు. దానికి అతుకు వేయకుండా పెట్టె నుంచి కొత్త తీగ లాగాడు. ఎర్తు గొయ్యి ఎక్కడ అని అడిగితే ఎవరికీ తెలియదు. పెరట్లో తులసికోట పక్కన రెండు టైల్సు లేపితే కనిపించింది. గొట్టం మీది బోల్టు తుప్పు పట్టి వేలితో తాకితే ఊడివచ్చింది.

అన్నీ బిగించి, కొలిచి, ఆర్.సి.సి.బి. పెట్టి సరఫరా ఇవ్వగానే అది పడిపోయింది. ఇంటివారి ముఖాలు వాడిపోయాయి. అతను మాత్రం, "పడితే మంచిదేనమ్మా, ఎక్కడో చెబుతోంది" అని ఒక్కొక్క గదీ విడదీయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి స్నానాల గదిలో గీజరు దగ్గర దొరికింది. వెళ్ళేముందు కోడలిని పెట్టె దగ్గరకు పిలిచి, "నెలకొకసారి ఈ మీట మీరే నొక్కండమ్మా. పడాలి. పడకపోతే నాకు ఫోను చేయండి" అని చెప్పి, ఆమె చేతనే నొక్కించాడు. టక్కుమని ఇల్లంతా చీకటి అయింది.

"కరెంటు పోయిందా?" అని నాయనమ్మ లోపలి నుంచి కేకవేసింది.

మర్నాడు బడి నుంచి వచ్చిన పిల్లవాడు ఫ్రిజ్ ముందు ఆగి, అలవాటు చొప్పున చెప్పుల కోసం కాలితో తడిమాడు. అవి అప్పటికే పెరటి గుమ్మం దగ్గర, మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిన తాతగారి కాళ్ళకు ఉన్నాయి.